మగ్గం ముందు, గోడలు తర్వాత

గద్వాల చేనేత వీధుల్లో ఇంటి కొలతను గదుల లెక్కన చెప్పరు, ఎన్ని మగ్గాలు పడతాయో చెబుతారు. నేను వెళ్లిన ఇంట్లో ఒకటే మగ్గం. వీధి తలుపు దాటగానే ముందుగది నిండా అదే. కిటికీ వెలుతురు నేరుగా పడుగు మీద పడుతోంది. గోడకూ మగ్గానికీ మధ్య ఒక్క మనిషి పట్టే సందులోంచి వెళితే వంటిల్లు.

ఇంటి పెద్దాయనకు అరవై దాటాయి. నేల మీద కూర్చుని, కాళ్లు రెండూ గుంటలోకి దించి నేస్తున్నాడు. గుంట ఎందుకని అడిగాను. "ఎండకాలం పోగు ఊకె తెగుతది సారూ. గుంట సల్లదనానికి నూలు నిలుస్తది" అన్నాడు. గద్వాల చీరకు ఒడలంతా నూలు, అంచూ కొంగూ పట్టు. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్నా ఈ నడిగడ్డ ఎండలకు నూలు పొడిబారుతుంది. నేలలోని తేమే దానికి కాపు. ఇంట్లో గొయ్యి తవ్వుకుని బతకడం వెనక ఇంత లెక్క ఉంది.

నూలు ఒడలినీ పట్టు అంచునూ పేకతోనే కలిపే కుప్పడం నేతకు మూడు నాడెలు ఆడాలి, అంచులకు రెండు, ఒడలికి ఒకటి. అందుకే మగ్గం దగ్గర రెండో మనిషి కావాలి. ఆ రెండో చోటులో ఎవరెవరు కూర్చున్నారో అడిగితే ఆ ఇంటి చరిత్ర మొత్తం తెలిసింది. మొదట తమ్ముడు, పెళ్లయ్యాక భార్య, కొన్నేళ్లు కొడుకు. కొడుకు హైదరాబాదు పోయాక మళ్లీ భార్యే. ఇప్పుడు ఆమెకు మోకాళ్ల నొప్పులు. "కూసునుడు కష్టం కాదు బిడ్డా, లేసుడే కష్టం" అంది.

ఆమె కోసం ఆ ఇల్లు కొంత మారింది. దూలానికి ఒక తాడు వేలాడుతోంది, పట్టుకుని లేవడానికి. గుంట అంచున ఒక మెట్టు కట్టించారు. పొద్దున ఓపిక ఉన్నంతసేపు నాడె వేస్తుంది. తర్వాత అరుగు మీదికి మారి, గోడకు ఆనుకుని రాట్నంతో కండెలు చుడుతుంది. ఒళ్లు అలిసినప్పుడు నాలుగడుగుల దూరంలో నడుం వాలుస్తుంది. పనీ విశ్రాంతీ ఒకే కప్పు కింద ఉండటం వల్లే ఆమె ఇంకా నేతగత్తెగా ఉంది. మగ్గం వేరే వీధిలో ఉండి ఉంటే ఏనాడో మానేసేది.

ఇంటి ఆడవాళ్ల ఒంటి నొప్పిని కొలతగా తీసుకుని చేనేతను మార్చిన మనిషి మన దగ్గరే ఉన్నాడు. చింతకింది మల్లేశం వాళ్ల అమ్మ ఆసు పోస్తూ, అంటే అద్దకానికి ముందు పోగును మేకుల చుట్టూ తిప్పుతూ, ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చేయి ఆడించేది. ఆమె భుజం నొప్పి చూడలేక ఆయన ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం పోచంపల్లి తరహా నేతకు పనికొచ్చేది, గద్వాల చీరకు ఆసు అక్కర్లేదు. కానీ ఆ చూపు ఇక్కడి ఇళ్లకూ కావాలి.

వనపర్తి జిల్లా అమరచింతలోనూ గద్వాల చీరలు నేస్తారు. అక్కడొక ఇంట్లో గుంట లేదు, స్టాండు మగ్గం. బల్ల మీద కూర్చుని నేయొచ్చు. పైన జాకార్డు పెట్టె, దాన్ని ఎత్తడానికి చిన్న కరెంటు మోటారు. కాలికి భారం బాగా తగ్గిందని ఆ ఇంటి కోడలు చెప్పింది. అయితే జాకార్డుకు కప్పు ఎత్తు కావాలి. పాత మట్టిమిద్దెల్లో అది దొరకదు. వాళ్లు మిద్దె విప్పి స్లాబు వేసుకున్నారు, అప్పు చేసి.

తుంగభద్ర ఒడ్డున రాజోలి మాట రాకుండా నడిగడ్డ చేనేత ఇళ్ల గురించి మాట్లాడలేం. 2009 అక్టోబరు వరద ఆ ఊరిని ముంచేసింది. నేలలో ఉన్న మగ్గం గుంటలోకే నీళ్లు ముందు చేరతాయి. ఇంటితోపాటు పనీ పోయింది. చేనేత కుటుంబానికి మళ్లీ ఇల్లు కట్టివ్వడమంటే పడకకు చోటు చూపించడం ఒక్కటే కాదు.

ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఇందిరమ్మ ఇంటికి ప్రభుత్వం ఇచ్చేది 5 లక్షలు, విస్తీర్ణం 400 నుంచి 600 చదరపు అడుగులు. అందులో మగ్గం పెడితే ఒక గది పోయినట్టే. జాతీయ చేనేత అభివృద్ధి కార్యక్రమం కింద పని షెడ్డుకు 1.20 లక్షల లెక్క విడిగా ఉంది. ఈ రెండూ ఒకే నక్షా మీదికి రావాలి. మగ్గం గదీ, మరుగుదొడ్డీ, పడకా ఒకే మట్టంలో ఉండాలి. ముప్పై ఏళ్ల వయసులో కట్టుకునే ఇంట్లోనే అరవై ఏళ్ల మోకాలికీ చోటు చూడాలి.

గద్వాలలోనే ఒక పడుచు నేతగాడు పునాది తీయిస్తున్నాడు. సున్నంతో ముందు మగ్గం గది గీసుకున్నాడు, గోడలన్నీ దాన్నిబట్టే. గుంట కొలతలు చూసిన మేస్త్రి ఆగాడు.

"రేపు నీ పిల్లలు నేయకుంటే ఈ బొంద ఏం జేస్తవన్నా?"

"మీద బండ పరుస్తం. అమ్మ మంచం ఏస్తం. మళ్ల నేసేటోడొస్తే బండ తీస్తం."

"అట్లయితే అంచు కట్టేటప్పుడే బండ కూసునే గాడి ఇడుస్తా" అని మేస్త్రి టేపు తీశాడు. షాబాదు బండ ఎన్ని అంగుళాల మందం తేవాలో ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.