టైర్లు లుక్ కోసమా, మన కోసమా?

మా స్కార్పియోకి పన్నెండేళ్లు. పేరుకి ఫోర్ వీల్ డ్రైవ్ బండే గానీ బురద తొక్కింది బహు తక్కువ. నెలకు రెండుసార్లు సూర్యాపేట వెళ్లి, అమ్మను హైదరాబాద్ ఆస్పత్రికి తీసుకొచ్చి, మళ్లీ దింపి రావడమే దాని పని. అంతా విజయవాడ హైవేనే.

టైర్లు అరిగాయి, మార్చాలి అనగానే మా అబ్బాయి ఎత్తైన బటన్లున్న మడ్ టైర్లు చూపించాడు. "లుక్ అదిరిపోతుందమ్మా!" అన్నాడు. చూడ్డానికి బాగానే ఉన్నాయి. కానీ అవి బురదదారుల కోసం చేసినవి. తారురోడ్డు మీద హోరు పెడతాయి, డీజిల్ ఎక్కువ తాగిస్తాయి. తడిరోడ్డు మీద బ్రేక్ వేస్తే హైవే టైర్లంత పట్టు ఉండదు. వానలో, వెనక సీట్లో అమ్మ ఉండగా, నాకు కావలసింది ఆ పట్టే. హైవే టైర్లే కావాలన్నాను.

"ముందు రెండు మారుద్దాం, ఖర్చు కలిసొస్తుంది" అన్నారు మావారు. ఫోర్ వీల్ వేసినప్పుడు నాలుగు చక్రాలూ ఒకే కొలతలో తిరక్కపోతే ఆ ఒత్తిడంతా లోపలి గేర్ల మీద పడుతుందని మెకానిక్ చెప్పాడు. దాంతో నాలుగూ కొన్నాం.

మీరు కొనేటప్పుడు టైరు పక్కభాగంలో డాట్ అన్న అక్షరాల వరుస చివర నాలుగంకెలు వెతకండి. 1224 అంటే 2024లో 12వ వారం తయారైందని. గాడుల మధ్య చిన్న గట్లుంటాయి. టైరు అరిగి వాటికి సమానమైతే, అంటే లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే, ఇక మార్చాల్సిందే. పాల ప్యాకెట్ మీద తేదీ చూడకుండా కొనని మనకి, ఇదేమంత కష్టం చెప్పండి?