మట్టం

ఉగాది భోజనాల దగ్గర ఒకావిడ అడిగింది: "మీరింకా ఆ ట్రైలర్లోనే ఉంటున్నారా అండీ? మళ్ళీ దానికి రిపేర్లంట! నిలిచే ఇల్లా అది?" చేతిలో పులిహోర ప్లేటు, చుట్టూ జనం. ఊరుకున్నాను. ఇంటికొచ్చి నాలుగు రోజులైనా ఆ మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది. ట్రైలర్ అంటే అననీ. నిలిచే ఇల్లా అనడమే బాధ. ఇంటిని నిలబెట్టడమంటే ఏమిటో చేతులతో తెలిసినవాళ్ళు ఆ మాట అంత తేలిగ్గా అనలేరు.

మాది 1988లో ఫ్యాక్టరీలో కట్టిన మొబైల్ హోమ్. 14 అడుగుల వెడల్పు, 66 అడుగుల పొడవు. 1976 జూన్ 15 నుంచి అమెరికాలో ఇలాంటి ఇళ్ళన్నిటినీ ఒకే కేంద్ర నిబంధన ప్రకారం కట్టాలి. అలా కట్టినవాటికి కాగితాల మీద పేరు మాన్యుఫాక్చర్డ్ హోమ్. బయటి గోడకు కొట్టిన చిన్న ఎర్ర రేకు దానికి గుర్తు. గోడలు కడిగినప్పుడల్లా ఆ రేకును నేనే తుడుస్తాను. మా ఇల్లు చక్రాల మీద అలబామాలోని ఈ ఊరికి వచ్చింది. వచ్చాక చక్రాలూ ఇరుసులూ తీసేశారు, మళ్ళీ ఊరు దాటలేదు. ఇలాంటి ఇళ్ళలో చాలావాటి కథ ఇంతే. మనుషులు లాగితే ఒక్కసారే కదిలిన ఇల్లు, కింద నేల కదిలినప్పుడల్లా మాత్రం కదులుతుంది. అసలు పని అంతా అక్కడుంది.

దీనికి మనవైపులాగా తవ్వి పోసిన పునాది లేదు. అడుగున పొడవునా రెండు ఇనప దూలాలు. వాటి కింద సుమారు ఎనిమిది అడుగులకొకటి చొప్పున కాంక్రీటు దిమ్మలు. దిమ్మకీ దూలానికీ మధ్య సందు లేకుండా ఎదురెదురుగా కొట్టిన, ఏటవాలుగా కోసిన చెక్క ముక్కలు. గాలికి లేచిపోకుండా నేలలోకి మరలాగా తిప్పి దించిన లంగర్లు, వాటికి బిగించిన ఇనప పట్టీలు. 1992లో ఫ్లారిడాలో ఆండ్రూ తుపాను ఇలాంటి ఇళ్ళను ఊడ్చేశాక, 1994లో గాలికి సంబంధించిన నిబంధనలు గట్టి చేశారు. మా ఇల్లు అంతకు ముందుది కనక ఆ పట్టీల బిగువు ఏటా నేనే చూసుకుంటాను. టోర్నడో హెచ్చరిక వచ్చిన రోజున ఏ పట్టీనీ నమ్మం, ఇల్లు వదిలి షెల్టరుకు వెళ్ళిపోతాం. మిగతా రోజులన్నీ ఇంటితోనే.

మేం చేరిన రెండో ఏడు పడగ్గది తలుపు పట్టేయడం మొదలైంది. తర్వాత కిటికీ. తర్వాత గోడ పలకల అతుకుల మీది పట్టీలు ఎడంగా జరిగాయి. సత్తెనపల్లిలో ఉన్న నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. నాన్న తాపీమేస్త్రి. ఇల్లెంత, గోడ దేనితో కట్టారు, ఇవేవీ అడగలేదు.

"నేల ఏం నేలమ్మా?"

"నల్లగా ఉంటుంది నాన్నా. వానకి జిగట, ఎండకి నెర్రెలు. ఒకప్పుడు అంతా పత్తి పండేదట."

"రేగడే. అయితే ముందు ఇంటి కిందికి నీళ్ళు రానీకు. తలుపు సంగతి తర్వాత."

సముద్రాలవతల నుంచి ఒక్క ప్రశ్నతో పట్టుకున్నాడు. ఈ ప్రాంతాన్ని ఇక్కడివాళ్ళు బ్లాక్ బెల్ట్ అంటారు. మా పల్నాటి నేలకు ఇది తోబుట్టువు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. దాని మీద పెట్టిన దిమ్మ ఒకచోట లేస్తుంది, ఒకచోట దిగుతుంది. అందుకే మొబైల్ హోమ్ బాగు చేయాలనుకునేవాళ్ళు వంటింటి గట్టూ గోడ రంగులూ తర్వాత చూసుకోవాలి. మొదట వాన పడుతుంటే గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ తిరగాలి, నీళ్ళు ఎటు పోతున్నాయో చూడాలి. కప్పు నీళ్ళు గొట్టంలోంచి దూరంగా పడాలి. మట్టి ఇంటినుంచి బయటికి వాలాలి. అడుగున నేలంతా మందపాటి ప్లాస్టిక్ పట్టా పరవాలి, తేమ పైకి రాకుండా. చుట్టూ కట్టే స్కర్టింగుకు గాలి కిటికీలు ఉండాలి. బట్టలారబెట్టే డ్రైయర్ గొట్టాన్ని ఇంటి కింద వదిలేస్తారు కొందరు. ఆ తడి ఆవిరంతా నేలచెక్కకే పడుతుంది. దాన్ని స్కర్టింగు దాటించి బయటికి తీయాలి. కప్పుకు తెల్లపూత వేయడం, కిటికీల అంచులకు సీలు పెట్టడం, ఇవన్నీ మంచివే. నేను మాత్రం ఎప్పుడూ కిందినుంచే మొదలుపెడతాను.

నీళ్ళు పైనుంచే వస్తాయని కూడా లేదు. మా ఇంట్లో బూడిదరంగు ప్లాస్టిక్ పైపులు ఉండేవి. పాలీబ్యుటిలీన్ అంటారు. 1978 నుంచి 1995 దాకా ఇక్కడ విరివిగా వాడారు. నీళ్ళలోని క్లోరిన్‌కు అవి లోపలినుంచి పెళుసెక్కుతాయి. బాత్రూమ్ కింద ఒకటి కారింది. ఇంటి అడుగున దూలాలకు కట్టిన నల్లటి గుడ్డను ఇక్కడ పొట్ట అంటారు. అది నీళ్ళు నిండి ఆవు పొదుగులా వేలాడింది. రిపేరుకు వచ్చిన మనిషి పొట్ట కోసి నీళ్ళు వదిలేశాడు, టేపు అంటించాడు, డబ్బు తీసుకున్నాడు. కారే పైపు వైపు చూడలేదు. అడిగితే, "ఇలాంటి ఇంటికి ఇది చాలు" అన్నాడు. మూడు నెలలకు నడవాలో అడుగు వేస్తే నేల దిగబడింది. ఇలాంటి పాత ఇళ్ళలో నేల రంపపు పొడిని జిగురుతో అదిమి చేసిన పలక. ఒకసారి నీళ్ళు తాగితే నానిన రొట్టే. నేనూ మావారూ రెండు వేసవుల శనివారాలన్నీ పెట్టి ఆ పలకను వాసాల దాకా కోసి తీసేశాం. ప్లైవుడ్ వేశాం, పైపులన్నీ మార్చాం. ఆ మనిషి మీద నా కోపం ఇంకా పోలేదు. పనికి ఇల్లు చిన్నదీ పెద్దదీ అని ఉండదు. ఉగాదినాడు నన్ను గుచ్చింది కూడా ఆ మనిషి అన్నలాంటి మాటే.

నేల ఆరాక మట్టం చూడాలి. లోపలి నీళ్ళు కనిపించే ఎనభై అడుగుల ట్యూబు కొన్నాను. ఒక కొస నీళ్ళ బకెట్‌లో పెట్టి, రెండో కొస పట్టుకుని ఒక్కో దిమ్మ దగ్గరికీ పాకుతూ వెళ్ళాను. ట్యూబులో నీళ్ళు ఆగిన గీతకూ దూలానికీ మధ్య ఎంతుందో కొలిచి, దిమ్మ మీదే సుద్దతో రాసుకున్నాను. దిగిన దిమ్మల దగ్గర ముందు లంగరు పట్టీలు వదులు చేయాలి. పక్కనే చెక్కదిమ్మెలు అడ్డంగా నిలువుగా పేర్చి, జాక్ జారినా ఇల్లు వాటి మీద ఆగేట్టు చూడాలి. ఒక్కచోటే ఎత్తేయకూడదు, ఒక్కోచోట పావు అంగుళం చొప్పున లేపుకుంటూ పోవాలి. సాయంత్రానికి మావారు లోపలినుంచి కేకేశారు, పడగ్గది తలుపు దానంతటదే పడిందని. నేను కింద మట్టిలో పడుకుని ఆ చప్పుడు విన్నాను.

అలాంటి ట్యూబు చుట్ట నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. నాన్న గోనెసంచిలో తాపీ, గుండు, మూలమట్టం, రసమట్టం, వాటి పైన ఈ చుట్ట. రసమట్టం చేతికందే దూరానికే పనికొస్తుందనేవాడు. ఇంటి నాలుగు మూలలూ ఒక్క మట్టానికి తేవాలంటే ట్యూబే. పొద్దున్నే, ఎండ రాకముందే చూసేవాడు. ట్యూబు సగం ఎండలో సగం నీడలో ఉంటే లెక్క తప్పుతుందని. బకెట్‌లోంచి నీళ్ళు పీల్చి నింపుతుంటే నేను వేలితో తట్టుకుంటూ వెంట నడిచేదాన్ని. ఒక్క బుడగ మిగిలినా ఆ రోజు పని అబద్ధమయ్యేది.

తర్వాత ఆయన ఒక కొస పట్టుకుని గోడ అవతలికి వెళ్ళేవాడు. కనిపించేవాడు కాదు. నా కొసలో నీళ్ళు పైకీ కిందికీ ఊగేవి.

"నిలిచిందా?" అని కేక.

ఒకసారి, ఏడెనిమిదేళ్ళుంటాయేమో, ఐసు బండి గంట వినిపించి, ఇంకా ఊగుతుండగానే "నిలిచింది నాన్నా" అనేశాను. మర్నాడు గుమ్మం మీద రెండు వరసలు ఆయనే విప్పాడు. కూలివాళ్ళను చేయనివ్వలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. ఇటుకలు ఒక్కొక్కటే గీకి శుభ్రం చేసి పక్కన పేర్చాడు, నేను అందిస్తుంటే మళ్ళీ కట్టాడు.

ఆ తర్వాత ఎన్నిసార్లు ట్యూబు పట్టుకున్నా, నీళ్ళు పూర్తిగా ఆగేదాకా నోరు తెరవలేదు. గోడ అవతల నాన్న ఎంతసేపైనా అలాగే నిలబడేవాడు. రెండోసారి కేక వేసేవాడు కాదు.