అమ్మకాల పటంలో లేని హాకీ

హాకీ అనే ఒక్క మాట రెండు ఆటలకు పేరు. కెనడా వాసికి ఆ మాట వినగానే మంచుగడ్డ మీద జారుతూ నల్లటి రబ్బరు బిళ్ళను కొట్టే ఆట గుర్తుకొస్తుంది. మనకు ధ్యాన్‌చంద్ గుర్తుకొస్తాడు. ఎవరికి వారు తమదే అసలు హాకీ అనుకుని రెండవదానికి ఒక విశేషణం తగిలిస్తారు. వారికి మనది ఫీల్డ్ హాకీ, మనకు వారిది ఐస్ హాకీ. ఈ పేరు తగవులో ఎవరిది పైచేయి అయిందో తెలుసుకోవాలంటే మైదానానికి వెళ్ళి లాభం లేదు, వీడియో గేములు అమ్మే దుకాణానికి వెళ్ళాలి. అక్కడ అట్ట మీద హాకీ అని రాసి ఉన్న పెట్టె తెరిస్తే లోపల మంచే ఉంటుంది.

ఈ ఆధిపత్యం నిన్న మొన్నటిది కాదు. ఇంటి టీవీకి తగిలించి ఆడుకునే యంత్రాలలో మొట్టమొదటిదైన మాగ్నవాక్స్ ఒడిస్సీ 1972లో అమెరికాలో వచ్చింది. దానితో పాటు ఇచ్చిన ఆటల్లో హాకీ ఒకటి. తెర మీద బొమ్మ ముద్రించిన పారదర్శకపు కాగితాన్ని అంటించుకుని, దాని వెనుక కదిలే వెలుగు చుక్కలను చూస్తూ ఆడేవారు. 1991లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారు అమెరికా, కెనడాల నేషనల్ హాకీ లీగ్ పేరుతో ఒక ఆటను సెగా యంత్రానికి తయారు చేశారు. అప్పటి నుంచి ఆ సంస్థ దాదాపు ఏటేటా ఒక కొత్త సంచికను తెస్తూనే ఉంది. ఆ పెట్టెలు ప్రధానంగా అమ్ముడుపోయేది ఉత్తర అమెరికాలో, ఆపైన స్వీడన్, ఫిన్లాండ్ వంటి ఉత్తర ఐరోపా దేశాలలో. మిగిలిన ప్రపంచం ఆ పటంలో దాదాపు ఖాళీ.

వలస వెళ్ళిన తొలి రోజుల్లో, చదువుకు తగిన ఉద్యోగం దొరికేలోగా, నేను ఒంటారియోలో ఒక అంగడిసముదాయంలోని గేముల దుకాణంలో సాయంత్రాలు పనిచేశాను. అది 2004వ సంవత్సరం. ఆ సెప్టెంబరు 16న జట్ల యజమానులు ఆటగాళ్ళను బయట నిలబెట్టి తలుపులు మూశారు. జీతాల గరిష్ఠ పరిమితి మీద తగవు. చివరకు 2005 ఫిబ్రవరిలో ఆ ఏటి పోటీలు మొత్తం రద్దయ్యాయి. విశేషమేమిటంటే, పోటీలే లేని ఆ సంవత్సరపు వీడియో గేము మాత్రం సెప్టెంబరులో అనుకున్న సమయానికే అంగడికి వచ్చింది. మా దుకాణంలో దానిని పెట్టిన అర వారానికొకసారి నింపవలసి వచ్చేది. తండ్రీకొడుకులు కలిసి వచ్చి కొనేవారు. టీవీలో ఆట లేదు కనుక ఇంట్లో తామే ఆడుకుని ఆ ఏడు ఎవరు గెలిచేవారో తేల్చుకుంటారట! కరువు ఏడాదిలో విత్తనాల కోసం దాచిన వేరుశనగ కాయలను వేయించుకుని తిన్నట్లు అనిపించింది నాకు. (పోలిక అతికిందో లేదో గాని, అనంతపురం వాడికి ప్రతి విషయమూ చివరకు శనగకాయల దగ్గరికే వస్తుంది.)

ఆ కొనుగోళ్ళు చూసినప్పుడు, మంచు కురిసే దేశం కనుక మంచు ఆట అమ్ముడవుతోందని సులువుగా అనుకోవచ్చు. మా జిల్లాలో మంచు అంటే ఐసు ఫ్యాక్టరీ నుంచి ఊకలో పొదిగి తెచ్చే గడ్డలు, ఏ వేసవి గాలివానలోనో రాలే వడగళ్ళు. అక్కడ ఎవరు కొంటారు అని నవ్వుకోవచ్చు. కానీ ఈ సిద్ధాంతం లాస్ వేగాస్ దగ్గర కుప్పకూలుతుంది. అది ఎడారి. అక్కడ ఏడాదికి కురిసే వాన సుమారు 105 మిల్లీమీటర్లు. మా అనంతపురంలో సుమారు 550. జైసల్మేరు తరువాత దేశంలో అతి తక్కువ వానపడే జిల్లా మాదేనని బడిలో వల్లె వేసిన వాళ్ళం. ఆ మేము కూడా వేగాస్ ముందు తడినేల వాళ్ళమే! అటువంటి ఊళ్ళో 2017లో హాకీ జట్టు వెలిసింది, 2023లో ఆ లీగ్ కప్పునే గెలుచుకుంది. యంత్రాలతో మంచు పరిచారు, లీగ్ వచ్చింది, టీవీ వచ్చింది. కనుక ఆట పెట్టె వాతావరణాన్ని వెంబడించి పోదు, లీగ్ వెంట పోతుంది.

లీగ్ ఒక్కటే చాలదు, భాష కూడా కావాలి. స్వీడన్ వారి కోసం 1990ల మధ్యలోనే తమ దేశపు లీగ్ జట్లతో ప్రత్యేక సంచిక తయారైంది. దాని పేరు ఎలిట్‌సేరియన్. 2001 నాటికి ఫిన్లాండ్ వారికి ఎస్ఎమ్-లీగా పేరుతో మరొకటి వచ్చింది. ఫిన్లాండ్ జనాభా ఎంతో తెలుసునా? సుమారు 56 లక్షలు. 2011 లెక్కల ప్రకారం మా ఉమ్మడి అనంతపురం జిల్లా జనాభా 40 లక్షల పైచిలుకు. ఒకటిన్నర అనంతపురం కూడా లేని దేశం కోసం ఒక అంతర్జాతీయ సంస్థ పెట్టె మీద పేరు మార్చి ఆట చేసి పంపింది. ఎందుకు? వాళ్ళు కొంటారు కనుక. లెక్కలో పడతారు కనుక. ఇదే కోవలో మరొకటి. కెనడా జాతీయ టీవీలో హాకీ పోటీలకు 2008 నుంచి పంజాబీ వ్యాఖ్యానం మొదలైంది. మాకు పొరుగున ఉన్న సర్దారు పిల్లలు సందుల్లో టెన్నిసు బంతితో హాకీ ఆడుకోవడం అంతకు ముందే నేను చూశాను. ముందు సందులో ఆట, తరువాత సొంత భాషలో మాట, ఆపైన దుకాణంలో పెట్టె. వరుస అదీ.

ఇక మన సంగతి. 2000ల తొలి రోజుల్లో అనంతపురం నెట్ సెంటర్లలో గంటకు ఇంత అని పుచ్చుకుని ఆటలు ఆడనిచ్చేవారు. 2006 చివర్లో ఇదే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారి క్రికెట్ 07 వచ్చింది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆ ఆట లేని కంప్యూటరును నేను మా జిల్లాలో చూడలేదు. అసలు పెట్టెను కూడా చూడలేదు. బజారులో యాభై రూపాయలకు నకలు సీడీ దొరికేది. ఆ సంస్థ దాని తరువాత మరో క్రికెట్ ఆటను విడుదల చేయనే లేదు. మన కుర్రాళ్ళు మాత్రం ఏళ్ళ తరబడి దానిలోనే కొత్త జట్లు, కొత్త దుస్తులు తామే చేర్చుకుంటూ ఆడారు. ఇన్ని లక్షల మంది ఇన్నేళ్ళు ఆడిన ఆ ఆట అమ్మకాల లెక్కల్లో ఎంత కనిపించి ఉంటుంది? చిల్లిగవ్వ. కనుక ఏ ప్రాంతంలో ఏ ఆట ఎంత అమ్ముడైందనే పట్టికను చూసినప్పుడు అది ఇష్టాల పట్టిక కాదనీ, బిల్లుల పట్టిక మాత్రమేననీ గుర్తుంచుకోవాలి. దొంగ సీడీని నేను సమర్థించడం లేదు. నెలంతా కూలికి పోతే చేతికి వచ్చే డబ్బుతో ఒక్క పెట్టె వచ్చే చోట, ఆ పెట్టె కొనలేదు కనుక ఆ ఆట మీద ప్రేమ లేదనడం అన్యాయం అంటున్నాను.

హాకీకి ఆ నకలు సీడీ భాగ్యం కూడా దక్కలేదు. నకలు తీయడానికి అసలు ఉండాలి కదా. మన హాకీ మీద పెద్ద సంస్థ ఏదీ ఏటేటా వచ్చే శ్రేణిని నడపలేదు. పోనీ బయటివారిని ఎందుకు అనాలి? 2009లో హైదరాబాదుకు చెందిన గేమ్‌శాస్త్ర సంస్థ సోనీ యంత్రాల కోసం దేశీ అడ్డా అనే ఆటల సంపుటి చేసింది. కబడ్డీ, గోటీబిళ్ళ, గాలిపటాలు అన్నీ అందులో చోటు చేసుకున్నాయి. అదే ఏడు హైదరాబాదులోనే అరోనా వారు హనుమంతుడి మీద ఒక ఆట చేశారు. హాకీ మాత్రం ఎవరికీ తట్టలేదు. మనదే అన్న ఆటలలో అది లేదు, అమ్ముడుపోయే ఆటలలోనూ లేదు. జాతీయ క్రీడ అని మనం పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాం గాని, ఏ క్రీడనూ అలా ప్రకటించలేదని 2012లో సమాచార హక్కు దరఖాస్తుకు ప్రభుత్వమే జవాబిచ్చింది. కెనడా వారు 1994లో చట్టం చేసి మరీ మంచు హాకీని తమ జాతీయ శీతాకాల క్రీడగా రాసుకున్నారు.

ఆటగాళ్ళు లేకనా ఇదంతా? మూడు ఒలింపిక్స్ ఆడిన ముకేశ్ కుమార్ హైదరాబాదు వాడు. టోక్యోకు వెళ్ళిన మహిళల బృందంలోని గోల్‌కీపరు రజని చిత్తూరు జిల్లా అమ్మాయి. 2021లోనూ, 2024లోనూ మన పురుషుల జట్టు కంచు పతకాలు తెచ్చింది. మధ్యలో ఆగిపోయిన హాకీ ఇండియా లీగ్ 2024 డిసెంబరులో తిరిగి మొదలైనప్పుడు హైదరాబాద్ తూఫాన్స్ అనే జట్టు ఫైనల్ దాకా వెళ్ళింది. అయితే ఆ పోటీలు జరిగింది రూర్కెలాలో, రాంచీలో. మన వాళ్ళు తమ ఊరి పేరున్న జట్టును తమ ఊళ్ళో చూడనే లేదు.

అనంతపురంలో ఆర్.డి.టి. వారి క్రీడాగ్రామంలో క్రికెట్, ఫుట్‌బాల్, టెన్నిసులతో పాటు హాకీ నేర్పుతారు. పల్లెల్లో మాత్రం ఎర్ర గరప నేలే మైదానం. ఆ నేల మీద బంతి చెప్పిన మాట వినదు, ఏ గులకరాయి తగిలి ఎటు లేస్తుందో ఎవరికీ తెలియదు. పెద్ద పోటీలు జరిగేది కృత్రిమ పచ్చిక మీద. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచి అదే రివాజు. ఆ పచ్చికను ఆటకు ముందు నీళ్ళతో తడపాలి, ఒక్కో ఆటకు వేల లీటర్లు పడుతుంది. నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టి కాచుకునే ఊళ్ళో ఆ మాట చెప్పడానికే నోరు రాదు. నీరు తక్కువ పట్టే పచ్చికను 2024 పారిస్‌లో పరిచారు, అది మా వైపు ఎప్పటికి వస్తుందో! ఆలోచిస్తే రెండు హాకీలూ నీటి ఆటలే. ఒకరు నీటిని గడ్డకట్టించి ఆడతారు, మరొకరు చల్లి ఆడతారు. మా పిల్లలు రెండూ లేకుండా ఆడతారు.

ఆ పిల్లల్లో మా అక్క కూతురు ఒకతె. కళ్యాణదుర్గం వైపు ప్రభుత్వ పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుతోంది, బడి జట్టుకు గోల్‌కీపరు. పది అయిపోయాక ఆట మాన్పించాలని మా బావ ఉద్దేశం. ఆయన వాదన చాలా పద్ధతిగా ఉంటుంది. "క్రికెట్ అయితే టీవీలో వస్తాది, ఫోనులో వస్తాది. ఈ హాకీ యాడొస్తాది? కనపడని ఆటకు ఎవురు ఉద్యోగమిస్తారు?" అంటాడు. రైల్వేలో, పోలీసు శాఖలో క్రీడాకారుల కోటా ఉందని నేను చెప్పాను. వింటాడు గాని నమ్మడు. తన కళ్ళకు కనపడాలి. శనగ పంట ఎన్నిసార్లు నమ్మించి ముంచిందో ఆయనకు తెలుసు కనుక, మాట మీద అప్పు ఇచ్చే మనిషి కాదు.

పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు నా పాత ల్యాప్‌టాపులో ఎన్‌హెచ్‌ఎల్ 09 పెట్టి ఆమెకు చూపించాను. కంప్యూటరు మీద ఆడే సంచికలలో అదే ఆఖరిది, 2008 నాటిది. ఆ తరువాత ఈ శ్రేణిని కంప్యూటరుకు చేయడం మానేశారు. చాలినంత అమ్ముడుపోలేదనే అనుకోవాలి.

"ఇదేం హాకీ మామా? జారుడుబండ మీద కొట్లాడుకున్నట్టుండాది. బంతి యాడ?"

"బంతి లేదు పాపా, ఆ నల్ల బిళ్ళే బంతి."

"మన హాకీది లేదా?"

లేదన్నాను. అంగడిలో వెతికితే దొరుకుతుందేమోనంది. ఎక్కడా లేదన్నాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత ముందు వరుస ఆటగాళ్ళను ఎలా కదిలించాలో చెప్పబోతే అడ్డుపడి, గోలు ముందు నిలబడిన వాణ్ణి ఎలా ఆడించాలో అడిగింది. ఆ మీట చూపించాను. దాదాపు ముప్పావుగంట వాణ్ణి తప్ప మరెవరినీ ముట్టుకోలేదు. తన జట్టు ఒక్క గోలూ వేయకపోయినా పట్టించుకోలేదు. మా బావ వాకిట్లో మంచం మీద నుంచి లేచి వచ్చి వెనుక నిలబడ్డాడు.

"ఆ ముసుగేసుకున్నోడు ఎవురు?" అన్నాడు.

"అది నేనే నాయనా," అంది తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా. "కాళ్ళు అడ్డం పెట్టేది అంతా మా మాదిరే."

ఆయన ఇంకో రెండు గోళ్ళు ఆపేదాకా అక్కడే నిలబడి చూశాడు.