రోగ్ నదిలో తెడ్డు వేసే దిక్కు

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, క్యాస్కేడ్ పర్వతాల మీద, క్రేటర్ లేక్ జాతీయ వనం వాయవ్యపు అంచున ఉన్న బౌండరీ స్ప్రింగ్స్ అనే ఊటల్లో పుట్టే రోగ్ నది, సుమారు 346 కిలోమీటర్లు పడమటికి పారి గోల్డ్ బీచ్ పట్టణం దగ్గర పసిఫిక్ మహాసముద్రంలో కలుస్తుంది. తొలి అంకంలో అది పడవల నది కాదు. అగ్నిపర్వత శిలలను కోసుకుంటూ దూకుతుంది, ఒకచోట పాత లావా సొరంగంలోకి దిగి కనిపించకుండాపోయి కొంత దూరంలో మళ్లీ పైకి వస్తుంది. చేపల వేట దృష్టితో చూసేవారికి అసలు నది 1977లో పూర్తయిన లాస్ట్ క్రీక్ ఆనకట్ట కింద మొదలవుతుంది, ఎందుకంటే సముద్రం నుంచి ఎదురీదే చేపలకు అదే చివరి మజిలీ. ఆనకట్టతో అవి కోల్పోయిన గుడ్లు పెట్టే చోట్లకు బదులుగా, దాని దిగువనే కోల్ రివర్స్ పేరుతో చేపపిల్లల ఉత్పత్తి కేంద్రాన్ని నెలకొల్పారు.

ఆ చేపల్లో ముఖ్యమైనవి రెండు. మొదటిది చినూక్ సాల్మన్. ఏటి గులకరాళ్ల మధ్య పుట్టి, సముద్రంలో కొన్నేళ్లు పెరిగి, మళ్లీ ఏటికి వచ్చి, గుడ్లు పెట్టాక చనిపోయే చేప ఇది. రెండవది స్టీల్‌హెడ్. ఏటిలోనే ఉండిపోతే రెయిన్‌బో ట్రౌట్ అనిపించుకునే జాతే సముద్రానికి పోయి వస్తే ఈ పేరుతో చలామణి అవుతుంది. సముద్రంలో ఇలసగా ఉన్నది గోదారి ఎక్కగానే పులస అయినట్టే ఇక్కడా నీరు మారితే పేరు మారుతుంది. సాల్మన్ మాదిరిగా ఒకే కాన్పుతో చావక, స్టీల్‌హెడ్‌లలో కొన్ని సముద్రానికి మరలిపోయి ఇంకోసారి కూడా వస్తాయి. సముద్రంలో కొద్ది నెలలే గడిపి, ఈడు రాకుండానే ఏటిలోకి వచ్చి శీతకాలం గడిపి వెళ్లే పిల్ల స్టీల్‌హెడ్‌లను 'హాఫ్ పౌండర్' అంటారు, అంటే అర పౌను చేప. దక్షిణ ఒరెగాన్, ఉత్తర కాలిఫోర్నియాల్లోని కొద్ది నదులకే పరిమితమైన ఈ విచిత్రానికి రోగ్ ప్రసిద్ధి.

షేడీ కోవ్ ఊరి దగ్గరి నుంచి నది మీద డ్రిఫ్ట్ బోట్లు కనిపిస్తాయి. అడుగు చదునుగా ఉండి, రెండు కొసలూ అరటిదొప్పలా పైకి లేచి ఉండే ఈ పడవ నీటిలో కొద్దిగానే మునుగుతుంది కాబట్టి రాళ్ల మీదుగా జారిపోగలదు, ఒక్క తెడ్డు పోటుతో గిరుక్కున తిరగగలదు. మామూలు పడవలో తెడ్డు వేసేవాడు పోయే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటాడు. ఇక్కడ మాత్రం అతని ముఖం దిగువకే ఉంటుంది, తెడ్డు బలమంతా ఎగువకే పోతుంది. పడవను నడపడం అతని పని కాదు, ఏరే నడుపుతుంది. ఆపీ ఆపనట్టు నిలపడమే అతని విద్య. రోగ్ మీద పడవ నుంచి చేసే వేట పద్ధతులన్నిటినీ నీటి వేగానికీ పడవ వేగానికీ మధ్య తేడా ఆధారంగానే విడదీయవచ్చు.

ఆ తేడా లేకుండా చేసేది 'సైడ్ డ్రిఫ్టింగ్'. చేపగుడ్ల ముద్దను ఎరగా గుచ్చి, చిన్న సీసపు బరువు కట్టి, ఒడ్డువైపు వాలుగా విసిరి, పడవనూ ఎరనూ ఒకే వేగంతో దిగువకు పోనిస్తారు. బరువు అడుగున గులకరాళ్లను అప్పుడప్పుడు తాకాలే తప్ప ఈడ్చుకుపోకూడదు. ఆ టకటకలు దారం గుండా వేళ్లకు తెలుస్తుంటాయి. సన్నని, లోతు తక్కువ పాయల్లో స్టీల్‌హెడ్ కోసం దీన్నే మెచ్చుకుంటారు.

తేడాను పెంచేది 'బ్యాక్‌ట్రోలింగ్'. మూతి దగ్గర చిన్న పలక ఉన్న బొమ్మచేపలను సుమారు 15 మీటర్ల దారంతో పడవ ముందుకు వదిలి, తెడ్డుతో పడవను నీటికంటే మెల్లగా దింపుతారు. నీరు పలకను నెట్టడంతో బొమ్మచేప మునిగి, అల్లాడుతూ, వెనక్కి నడుస్తున్నట్టుగా చేప ముఖం మీదికి వస్తుంది. దారాలన్నీ ఒకే పొడవున ఉంటే బొమ్మచేపలు వరుస కట్టి మడుగుకు అడ్డంగా దిగుతాయి. పక్కకు తప్పుకోవడమో కొరకడమో తప్ప చేపకు వేరే గతి ఉండదు. ఏటికి వచ్చిన పెద్ద సాల్మన్ దాదాపు మేత మానేసి ఉంటుంది కనుక అది కొరికేది ఆకలితో కాదు, చిరాకుతో అని చాలామంది నమ్మకం. ఈ పద్ధతిలో కళ్లన్నీ గాలపు కర్ర కొస మీదే ఉంటాయి: బొమ్మచేప ఆడుతున్నంతసేపూ కొస సన్నగా అదురుతుంది, అదురు ఆగిందంటే ఆకో నాచో చిక్కిందని అర్థం, కొస ఒక్కసారిగా నీటిలోకి వంగితే అది చేప. లోతైన మడుగుల్లో బరువైన సీసంతో ఎరను అడుగు మీద ఎత్తుతూ దించుతూ దిగువకు నడిపించే 'బ్యాక్‌బౌన్సింగ్' దీనికి దగ్గరి చుట్టం.

షేడీ కోవ్‌కూ దిగువనున్న గ్రాంట్స్ పాస్ పట్టణానికీ మధ్య ఒకప్పుడు వరుసగా ఆనకట్టలు ఉండేవి. 1921 నాటి సావేజ్ ర్యాపిడ్స్ ఆనకట్టను 2009లోనూ, గోల్డ్ రే ఆనకట్టను 2010లోనూ తొలగించడంతో లాస్ట్ క్రీక్ నుంచి సముద్రం దాకా సుమారు 250 కిలోమీటర్లు చేపకు అడ్డు లేకుండాపోయింది. ధవళేశ్వరం దగ్గర పులస ఆగిపోవడం ఎరిగిన తెలుగు పాఠకునికి ఆ తేడా విడమరచి చెప్పనక్కరలేదు.

గ్రాంట్స్ పాస్ దిగువన నది లోయలోకి దిగుతుంది. 1915లో గ్లెన్ వూల్‌డ్రిడ్జ్ అనే యువకుడు ఇక్కడి నుంచి గోల్డ్ బీచ్ దాకా చెక్కపడవలో వెళ్లాడు. తరువాతి కాలంలో వేటగాళ్లకు దారి చూపుతూ, దారికి అడ్డొచ్చిన రాళ్లను డైనమైట్‌తో పేలుస్తూ, 1947లో మోటారు పడవతో అదే దారిని ఎదురెక్కాడు. బ్లాసమ్ బార్ అనే బండల గుంపు నేడు పడవలకు దారి ఇస్తోందంటే అందులో అతని మందుగుండు పాత్ర ఉంది, అది నదికి చేసిన మేలో కీడో చెప్పడం కష్టం. అప్పటికింకా నదికి చట్టపరమైన రక్షణ లేదు. 1968 చట్టంతో 'వన్య, సుందర నదులు'గా గుర్తింపు పొందిన తొలి ఎనిమిదింటిలో రోగ్ ఒకటి. ఈ లోయలోని రైనీ జలపాతం దగ్గర డ్రిఫ్ట్ బోట్లను దుమికించకుండా, పక్కన చేపల కోసం తొలిచిన పాయలోంచి తాళ్లతో దించుతారు. వింకిల్ బార్‌లో నవలాకారుడు జేన్ గ్రే 1926లో కొన్న చోటు ఇప్పటికీ అతని పేరుతోనే గుర్తింపు పొందుతోంది.

అగ్నెస్ ఊరి దగ్గర ఇల్లినాయ్ ఉపనది కలిశాక లోయ విశాలమై, తెడ్డు పని తగ్గి లంగరు పని మొదలవుతుంది. సాల్మన్ నడి ఏటి ఉరవడిని తప్పించుకుంటూ గులక తిన్నెల అంచు వెంట లోతు తక్కువ నీటిలో పోతుంది కనుక, ఆ దారి పసిగట్టి పడవకు లంగరు వేసి, ఎరను ప్రవాహంలోకి వదిలి కాచుకుంటారు. లంగరు తాడు ఎగువకు తిరిగి ఉన్న కొసకే కట్టాలి. పక్కకు కట్టితే ప్రవాహం పడవ అంచును నీటిలోకి లాగి క్షణాల్లో ముంచేస్తుంది. పెద్ద చేప పడినప్పుడు లంగరును లాగుతూ కూర్చోరు. తాడుకు తేలే బుడ్డి కట్టి ఉంటుంది, తాడు విడిచి, చేప వెంటే పోయి, తరువాత వచ్చి బుడ్డిని ఏరుకుంటారు.

నదీముఖంలో కథ మళ్లీ మారుతుంది. ఇక్కడ 1870లలో చేపలను డబ్బాల్లో నింపే కర్మాగారం పెట్టిన ఆర్. డి. హ్యూమ్ 1908లో చనిపోయేవరకు దిగువ నదిపై గుత్తాధిపత్యం చలాయించాడు. వలలతో వ్యాపార వేటను 1935లో నిషేధించాక గాలాలదే రాజ్యమైంది. వేసవి చివర ఎగువ నీరు వెచ్చబడి ఉండటంతో, చినూక్‌లు చల్లని పోటునీరు చేరే ఈ ముఖద్వారంలోనే నిలిచిపోతాయి. పడవలు మోటారును నెమ్మదిగా తిప్పుతూ, మెరిసే రేకు ముందున్న ఆంకొవీ ఎరను పోటుకూ పాటుకూ మధ్య ఈడుస్తూ తిరుగుతాయి. తొలి శరత్కాలపు వానలు పడి పైనీరు చల్లబడగానే ఆ చేపలు గుంపులుగా ఏరు ఎక్కిపోతాయి, గోల్డ్ బీచ్ పడవలు కూడా వాటి వెంట ఎగువకు మళ్లుతాయి.