సున్న నేర్పిన పాఠం

చిన్ననాడు లెక్కల మాస్టారు “సున్నతో భాగించరాదు” అన్నప్పుడు, ఎందుకని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆరును రెండుతో భాగిస్తే మూడు. మూడు రెళ్లు ఆరు గనుక. మరి ఆరును సున్నతో భాగిస్తే? ఏ సంఖ్యను సున్నతో హెచ్చించినా ఆరు రాదు. అనగా జవాబే లేదు. ఈ సత్యం నాకు నిజంగా బోధపడింది మాత్రం కంప్యూటరు ముందు కూర్చున్న తరువాతనే.

విద్యార్థుల హాజరు పట్టిక తయారుచేసే పని ఒకసారి నాకు అప్పగింపబడింది. హాజరైన తరగతులను జరిగిన తరగతులతో భాగించి శాతం కట్టమని డేటాబేసుకు ఆదేశం వ్రాశాను. పట్టిక రాలేదు, సున్నతో భాగహారం జరిగిందన్న దోషసూచన వచ్చింది. వెదకగా, అధ్యాపకులు లేని ఒక పాఠ్యాంశంలో ఆ మాసమంతా ఒక్క తరగతీ జరగలేదని తేలింది. ఆ ఒక్క వరుస మూలంగా తక్కిన వరుసలన్నీ నిలిచిపోయాయి.

తొందరలో, అట్టి చోట జవాబు సున్నగా వేయమని వ్రాశాను. పట్టిక వచ్చింది, నేను సంతోషించాను. మరునాడు జూనియర్ విద్యార్థిని ఒకామె వచ్చి, “తరగతే జరగనప్పుడు నేను రాలేదని ఎలా వ్రాశారన్నా?” అని అడిగింది. హాజరు చాలనివారి జాబితాలో ఆమె పేరు చేరిపోయింది! నా సౌలభ్యం ఆమెకు అపరాధమైంది.

అప్పుడు ‘నల్ఇఫ్’ అనే సాధనాన్ని ఆశ్రయించాను. విభాజకం సున్న అయితే అది దానిని ‘నల్’గా మారుస్తుంది. నల్ అంటే సున్న కాదు, విలువ లేదని అర్థం. నల్‌తో భాగిస్తే ఫలితమూ నల్లే. తక్కిన లెక్క ఆగదు. సగటు కట్టేటప్పుడు సున్న సగటును దిగజారుస్తుంది. నల్ అసలు లెక్కలోకే రాదు. ఆ గడిలో ఇప్పుడు “తరగతులు జరగలేదు” అని పడుతుంది.

ఈ చిక్కు నేటిది కాదు. 628లో బ్రహ్మగుప్తుడు సున్నను సున్నతో భాగిస్తే సున్నయే అన్నాడు. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు, సున్నతో భాగించినా సంఖ్య మారదన్నాడు. ఆయన గణిత గ్రంథాన్నే మన పావులూరి మల్లన తెనిగించాడు. 1997లో డేటాబేసులో చేరిన ఒక్క సున్న, అమెరికా యుద్ధనౌక యార్క్‌టౌన్‌ను నడిసముద్రంలో నిలిపివేసింది. మహామహులకే తప్పని తడబాటు నాకు తప్పుతుందా?

ఉర్దూలో ‘సిఫర్’ అన్నా, తెలుగులో ‘శూన్యం’ అన్నా భావమొక్కటే. కాని రాకపోవడం వేరు, వచ్చే అవకాశమే లేకపోవడం వేరు. మిత్రులారా, ఎవరి పేరు ఎదుటనైనా సున్న వేసే ముందు, అసలు తరగతి జరిగిందా అని ఒక్కసారి విచారించండి.