ధరణికోటలో చెడుగుడు పట్టిక

2025 శ్రావణమున వరలక్ష్మీవ్రతమునకు బంధువులు పిలువగా మేము ధరణికోటకు బోయితిమి. గుంటూరునుండి అమరావతికి బస్సు. అమరావతి నానుకొనియే యీ యూరు. శాతవాహనులనాటి ధాన్యకటక మిదియే. కోట యన్నంతనే రాతిగోడలు వెదకవలదు. ఉన్నది మట్టికట్ట, ఎరుగనివారు చెరువుగట్టనుకొందురు. 1960 తరువాతి త్రవ్వకములలో ఓడలరేవును, కృష్ణనుండి దానికి వచ్చు కాలువయు బయల్పడినవి. కాకతి గణపతిదేవుని కూతురు గణపాంబ యీ కోటరాజులయింటి కోడలై, భర్త పోయిన పిమ్మట తానే రాజ్యమేలినది. ఈ ముచ్చట మన సోదరీమణులలో నెందరికి దెలియునో!

వాయనములు పుచ్చుకొని కూర్చుండగా, గోడమీద పంచాంగము ప్రక్కనే అంటించిన వార్తాపత్రికముక్క మా కంటబడెను. ముహూర్తముల పట్టిక యనుకొంటిమి. కాదు, తెలుగు టైటన్సు అను చెడుగుడుజట్టు ఆ యేడు ఆడబోవు ఆటల పట్టిక. ప్రో కబడ్డీ పోటీలలో పన్నెండవ పర్యాయము, పన్నెండు జట్లు, ఒక్కొక్క జట్టునకు పదునెనిమిదేసి ఆటలు. మొదట విశాఖపట్టణము, పిమ్మట జయపురము, చెన్నై, ఢిల్లీ. ఆగస్టు 29వ తేదీ రాత్రి విశాఖలో తమిళ తలైవాసుతో తొలి యాట. ఆ తేదీచుట్టును ఎవరో కుంకుమతో సున్న చుట్టిరి.

సున్న చుట్టినది ఆ యింటి మనుమరాలు. పదవతరగతి చదువుచు, బడి జట్టులో కూతకు వెళ్ళు పిల్ల. ఆమె మాకు జట్టు చరిత్రమంతయు నప్పగించినది. 2014లో పుట్టిన జట్టు. ఒక్కమారును బిరుదు గెలువలేదు. 2021 మొదలు మూడు పర్యాయములు వరుసగా అట్టడుగున నిలిచి, అరువదియారు ఆటలలో అయిదే గెలిచినది. రెండుకోట్ల అరువదిలక్షలకు పైబడిన ధరకు పవన్ సెహ్రావత్తును వేలములో కొన్న యేడును అదే గతి! పేరు తెలుగుదేగాని నాయకుడు విజయ్ మాలిక్ హర్యానావాడు. విశాఖలో ఆడక ఏడేండ్లయినదట. ఆ విశాఖయు ధరణికోటకు దాదాపు నాలుగువందల కిలోమీటర్లు!

"మా రోజుల్లో వెన్నెట్లో, ఏటి ఇసుకలో, పరికిణీ కుచ్చిళ్ళు దోపుకుని ఆడేవాళ్ళమమ్మా. పెద్దమనిషినయ్యాక మానిపించారు," అని నాయనమ్మగారు నవ్విరి.

పిల్ల తల్లి నవ్వలేదు. "పదో తరగతితో ఇదీ సరి. మగపిల్లలకైతే వేలముంది, డబ్బుంది. ఆ కాగితంలో ఆడపిల్లల ఆట ఒక్కటైనా ఉందా?" అనెను.

నిజముగా లేదు. 2016లో మగవారి పోటీలతోబాటు మూడు స్త్రీల జట్లతో నొక పోటీ నడపిరి. హైదరాబాదులో జరిగిన తుదియాటలో స్టార్మ్ క్వీన్సు ఒక్క గుణముతో గెలిచినది. మరుసటి యేడు అది సాగలేదు. తల్లిది మొండితనమని మే మనజాలము. కూడుపెట్టని విద్యకు పిల్లను పంపుట కష్టమే. అయినను రైల్వేవారు చెడుగుడాడు స్త్రీలకు ఉద్యోగములిచ్చుచున్నారనియు, ఆసియా క్రీడలలో మన స్త్రీలజట్టు 2010లోను, 2014లోను, మరల 2023లోను బంగారుపతకము దెచ్చినదనియు చెప్పితిమి. ఆమె విన్నది, ఏమియు ననలేదు. పిల్ల మాత్రము మాకు ఇంకొక పూర్ణము బూరె వడ్డించెను!

తొలియాటలో టైటన్సు మూడు గుణములతో నోడిరి. మాకును ఆనాడు నిద్రపట్టలేదన్న సోదరీమణులు నవ్వుదురు కాబోలు. కాని తరువాత తేరుకొని, అక్టోబరులో తుదియాటకు ఒక్క మెట్టు దిగువవరకు బోయి, పుణే జట్టుచేత నోడి మూడవస్థానమున నిలిచిరి.

నవంబరులో ఢాకాలో మన స్త్రీలజట్టు తైవానువారిని 35–28తో గెలిచి ప్రపంచకప్పు నిలుపుకొనెను. ఆ మరునాడే నాయనమ్మగారు మాకు ఫోను చేసిరి. పిల్ల ఆ వార్తను పట్టికక్రింద నంటించినదట. తల్లి దానిని తీసివేయలేదట. పరీక్షలు కానిమ్ము, అప్పుడు చూతమన్నదట.