గాలం పెట్టే పరీక్ష

తెలుగులో "గాలం వేశాడు" అంటే మెచ్చుకోలు కాదు. ఎవరినో బుట్టలో వేసుకోవడానికి ఎత్తు వేశాడని అర్థం. "ఎర చూపాడు", "వలలో పడ్డాడు" అనే మాటలూ అటువంటివే. నీటి ఒడ్డున కదలక మెదలక నిలుచున్న పక్షి ఓర్పును కూడా లోకం "కొంగజపం" అని వెక్కిరించింది. ఈ విధంగా భాషలో గాలానికి చెడ్డపేరే మిగిలింది. కాని గాలపుకర్ర పట్టుకొని చెరువు గట్టున ఒక పూట గడిపినవాణ్ణి అడిగితే వేరే సంగతి చెబుతాడు. చేప ఎక్కడ మేస్తుందో, ఏ వేళకు పైకి వస్తుందో, నీటి అడుగున ఏముందో తెలియనివాడి గాలానికి నాచు తప్ప మరేమీ తగలదు. గాలం వేయడమంటే ముందుగా నీటిని చదవడం.

ఈ విద్యను చిన్నచూపు చూడని రాజు ఒకడు కన్నడ దేశాన్ని ఏలాడు. ఆయన కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు. ఆయన రాజధాని కల్యాణమే నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణ. 1130 ప్రాంతంలో ఆయన సంస్కృతంలో 'మానసోల్లాసం' అనే పెద్ద గ్రంథం రచించాడు. రాజుకు తగిన వినోదాలను వర్ణిస్తూ అందులో 'మత్స్యవినోదం' అనే అధ్యాయం చేర్చాడు. గాలపుకర్ర ఎలా ఉండాలి, దారం ఎలా ఉండాలి, ఏ చేపకు ఏ మేత ఇష్టం అన్న విషయాలన్నీ అందులో ఉన్నాయి. భోజన పదార్థాలను గురించి చెప్పే చోట చేపల వంటకాలనూ వివరించాడు. పట్టడం, వండడం రెండింటికీ ఒకే గ్రంథంలో చోటు దక్కింది. ఇంగ్లండులో గాలపు వేటను గురించిన ప్రసిద్ధ గ్రంథం 1496లో అచ్చయింది. మానసోల్లాసం అంతకు మూడున్నర శతాబ్దాల ముందుది.

పాశ్చాత్య దేశాలవారు ఈ విద్యలో ఒక శాఖను ఎంతో శ్రద్ధగా పెంచారు. దాని పేరు ఫ్లై ఫిషింగ్. తెలుగులో 'ఈగగాలం' అనుకోవచ్చు. ఇందులో వానపాము ఉండదు, పిండిముద్ద ఉండదు. చిన్న కొక్కేనికి పక్షి ఈకలు, రంగు దారం చుట్టి, చూడగానే పురుగు అనిపించేట్టు తయారుచేస్తారు. ఆ ఈగకు బరువే ఉండదు. బరువు లేనిదాన్ని దూరం విసరడం ఎలా? అందుకే బరువును దారంలోనే పెట్టారు. సన్నని కర్రను వెనక్కీ ముందుకూ ఊపితే దారం గాలిలో సాగి, చివరనున్న ఈగ నీటి మీద మెల్లగా వాలుతుంది. నిజమైన పురుగే రాలిందనుకొని చేప పైకి వచ్చి అందుకొంటుంది. నీటి మీద చప్పుడు అయిందా, మనిషి నీడ పడిందా, ఆ చేప ఆ పూటకు కనిపించదు.

ఈగగాలానికి పేరుపొందిన చేప ట్రౌట్. అది చల్లని నీటి చేప. నీటిలో ప్రాణవాయువు సమృద్ధిగా ఉండాలి. వేడి 20 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది. రాళ్ల మీద గలగల పారే కొండవాగు దానికి సరిపడే చోటు. అటువంటి వాగుల్లో మేత తక్కువ కనుక చేపలు జానెడుకు మించి పెరగకపోవడం మామూలే. వాటి కోసం వెళ్లేవారికి పెద్ద చేప మీద ఆశ ఉండదు. పూటకు సరిపడా రెండో మూడో ఉంచుకొని తక్కినవి నీటిలోకి వదిలేస్తారు. ఉంచుకొన్నవాటి పొట్ట అక్కడే చీల్చి శుభ్రం చేస్తారు. పేగులు లోపల ఉండిపోతే మాంసం త్వరగా పాడవుతుంది. పొలుసు చాలా సన్నం, గీకే పని లేదు. ఉప్పు రాసి, పిండిలో అటూ ఇటూ దొర్లించి, వెన్న కరిగిన పెనం మీద వేస్తే చాలు. పట్టిన గంటలోపే వండిన చిన్న చేపకు మసాలాల అండ అక్కరలేదంటారు దాని రుచి ఎరిగినవాళ్లు.

దక్షిణ భారతంలో ట్రౌట్ పుట్టుకతో ఉన్న చేప కాదు. మద్రాసు రాజధానిలో వైద్యుడుగా ఉండి, మన దేశపు చేపలను గురించి గొప్ప గ్రంథం రాసిన ఫ్రాన్సిస్ డే 1863లో దాన్ని నీలగిరికి తేవాలని ప్రయత్నించాడు. ఆ ప్రయత్నం ఫలించలేదు. 20వ శతాబ్దం తొలి దశకంలో హెచ్.సి. విల్సన్ అనే అధికారి పట్టుదలతో అవలాంచిలో గుడ్లు పొదిగించే కేంద్రం వెలిసి, 'రెయిన్‌బో' జాతి ట్రౌట్ నీలగిరి వాగుల్లో నిలదొక్కుకొంది. అది ఉత్తర అమెరికా పడమటి నదుల చేప. దూరదేశం నుండి వచ్చి కొండ మీద కాపురం పెట్టింది.

బెంగళూరుకు చల్లని ఊరని పేరు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. అయినా ట్రౌట్ బతకడానికి ఆ చలి చాలదు. పైగా ఈ ఊరికి ఏడాది పొడుగునా పారే పెద్ద నది లేదు. ఇక్కడి నీరంతా ఒకప్పుడు చెరువుల నీరే. ఎగువ చెరువు నిండితే మిగులునీరు కాలువ గుండా దిగువ చెరువుకు పోయేది. పెద్దలు కట్టలు పోసి, తూములు పెట్టి, వాననీటిని నిలబెట్టిన ఊరిది. కోలారు, చిత్తూరు, అనంతపురం సీమల నుండి వచ్చి స్థిరపడిన తెలుగువారికి ఈ ఏర్పాటు కొత్త కాదు. వారి ఊళ్లూ చెరువును నమ్ముకొన్నవే.

చెరువులో గాలం వేయడం వాగులో వేయడం కన్నా తక్కువదేమీ కాదు. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెన్రీ సల్లివన్ థామస్ 1887లో భారతదేశపు చెరువుల్లో గాలం వేసే పద్ధతి మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే ప్రకటించాడు. పల్లె పిల్లలకు ఆ పుస్తకంతో పని లేకపోయింది. వెదురుకర్ర, దారం, కొక్కెం, జీలుగు బెండు, తడి నేల తవ్వితే దొరికే ఎర్రలు ఉంటే వారికి సరంజామా పూర్తి అయినట్టే. బెండు ఒక్కసారి మునిగి తేలితే చిన్న చేప కొరికి చూస్తున్నదని, పక్కకు ఈడ్చుకుపోతే జెల్లో కొరమీనో పట్టిందని వారికి తెలుసు. చేపపిల్లకు ఈత నేర్పనక్కరలేనట్టే చెరువు గట్టున పెరిగిన పిల్లవాడికి ఈ లెక్కలు ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇంటికి చేరిన పరిగెలూ, పక్కెలూ వంటింట్లో పెద్ద పనే పెడతాయి. గరుకు రాతి మీద రుద్ది పొలుసు తీయాలి. పొట్టలోని చేదు తిత్తి పగలకుండా పేగులు లాగాలి. అది పగిలిందా, కూరంతా చేదే. రాళ్ల ఉప్పు, పసుపు వేసి నీచు పోయేదాకా కడగాలి. ఆ తరువాత చింతపండు పులుసులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కారం, వేయించి పొడి చేసిన మెంతులు వేసి మరిగించి చేపలను వదలాలి. అంతటితో గరిటెకు సెలవు. గరిటె పెడితే చేప చిదిమిపోతుంది. దాక అంచులు పట్టుకొని మెల్లగా కుదపాలి. రాత్రి వండిన పులుసు పొద్దుటికి మరింత రుచిగా ఉంటుంది. నీలగిరిలో వెన్న, పల్లెలో చింతపండు. తేడా అంతే. చేప తాజాది కావాలి, నీరు మంచిది కావాలి అన్న నియమం రెండు చోట్లా ఒకటే.

ఇక్కడే అసలు ప్రశ్న ఎదురవుతుంది. నేడు బెంగళూరు చెరువులో గాలానికి తగిలిన చేపను వంటింటికి తీసుకుపోవచ్చా?

2016 మార్చిలో హలసూరు చెరువులో వేలాది చేపలు చచ్చి తేలాయి. ఒడ్డంతా తెల్లని పొట్టలతో నిండిపోయింది. ఇటువంటి మరణాలకు కారణం గ్రహించడం కష్టం కాదు. ఇళ్ల మురుగు చెరువులో కలిస్తే దాన్ని కుళ్లించే సూక్ష్మజీవులు విపరీతంగా పెరుగుతాయి. నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును అవి వాడుకొంటాయి. పగలు ప్రాణవాయువును ఇచ్చే నాచు కూడా రాత్రిపూట దాన్నే పీల్చుకొంటుంది. ఎండకాలంలో నీరు వేడెక్కి, ప్రాణవాయువును నిలుపుకొనే శక్తి తగ్గుతుంది. తెల్లవారేసరికి చేపకు ఊపిరి అందదు. అది నీటిపైకి వచ్చి నోరు తెరుచుకొని అల్లాడుతుంది. తరువాత తేలిపోతుంది. బెళ్లందూరు చెరువు కథ మరింత విషాదం. అక్కడ నురుగు రోడ్ల మీదికి ఎగిరింది. 2015లోనూ, ఆ తరువాతా మంటలు లేచాయి. నీరు మండిందంటే విన్నవారు నమ్మలేదు.

చచ్చిన చేప అందరికీ కనిపిస్తుంది. బతికి ఉన్న చేపలోని దోషం కనిపించదు. పరిశ్రమల వ్యర్థాలు కలిసే నీటిలో సీసం, కాడ్మియం వంటి లోహాలు చేరి, మేత ద్వారా చేప ఒంట్లో పేరుకుంటాయి. ఉడికిస్తే సూక్ష్మజీవులు చస్తాయి కాని లోహాలు పోవు. ఎంత పులుపు వేసినా, ఎంతసేపు మరిగించినా వాటిని తొలగించే వంటవాడు లేడు. చెరువుకు చేసిన అపచారం చివరికి కంచంలోకే వస్తుంది.

ఈ సంగతి నగరంతో ఆగిపోదు. 2018 నుండి బెంగళూరు మురుగును శుద్ధి చేసి కోలారు జిల్లా చెరువులకు పంపుతున్నారు. ఎండిన చెరువులు నిండితే రైతుకు సంతోషమే. అయితే ఆ శుద్ధి ఎంత సక్రమంగా జరిగిందన్నదాని మీదనే అక్కడి చేప మంచిచెడ్డలు ఆధారపడతాయి. ఊరి పడమటి మురుగు వృషభావతి మీదుగా అర్కావతిలో కలుస్తుంది. అర్కావతి సంగమ వద్ద కావేరిలో కలుస్తుంది. 1974 నుండి బెంగళూరు తాగుతున్నది ఆ కావేరి నీటినే.

ఆ కావేరిలోనే వండకూడని చేప ఒకటి ఉన్నది. అది మూపురం ఉండే మహసీరు. 1946లో మైసూరుకు చెందిన వాన్ ఇంగెన్ కబినిలో గాలంతో పట్టిన మహసీరు 120 పౌన్లు, అంటే సుమారు 54 కిలోలు తూగింది. తరువాతి కాలంలో మందుగుండు పేల్చి చేపలు పట్టే దుర్మార్గం, ఆనకట్టలు, బయటి నుండి తెచ్చి వదిలిన నీలిరెక్కల మహసీరు పోటీ, అన్నీ కలిసి దాన్ని కుంగదీశాయి. నీలిరెక్కల చేపను వదిలినవారు నదికి మేలు చేస్తున్నామనే అనుకొన్నారు. 2018లో ఈ మూపురపు మహసీరును అంతరించిపోయే ప్రమాదం అత్యధికంగా ఉన్న జీవుల పట్టికలో చేర్చారు. బెంగళూరుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని భీమేశ్వరి వద్ద కొన్ని దశాబ్దాలపాటు గాలపు వేటగాళ్లు దాన్ని పట్టి, తూచి, మళ్లీ నదిలోకి వదిలేవారు. 2010 తరువాతి ఏళ్లలో అభయారణ్యంలో ఆ వినోదం కూడా ఆగింది.

కాబట్టి పొయ్యి వెలిగించే ముందు గాలం పట్టినవాడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ చేప ఏది? ఇది ఏ నీటిది? మొదటి ప్రశ్నకు జవాబు నదిని కాపాడుతుంది. రెండవ ప్రశ్నకు జవాబు ఇంటిని కాపాడుతుంది.

చెరువు బాగుపడిందని చెప్పడానికి నేడు ఎన్నో గుర్తులు చూపిస్తారు. చుట్టూ కంచె వేశారంటారు. నడవడానికి బాట, కూర్చోవడానికి బల్లలు, దీపాలు వచ్చాయంటారు. అవన్నీ మంచివే. కాని అవి గట్టుకు సంబంధించినవి. నీటికి పెట్టే పరీక్ష వేరే ఉన్నది. అనుమతి తీసుకొని ఒక పిల్లవాడు హలసూరు గట్టున గాలం వేయాలి. అరచేయంత పరిగె తగలాలి. దాన్ని ఇంటికి తెస్తే తల్లి అనుమానించకుండా పొలుసు తీసి, పులుసు పొయ్యి మీద పెట్టాలి. ఆ రోజున చెరువు పరీక్షలో నెగ్గినట్టు. అందాకా గాలాన్ని నీటిని చదవడానికే వాడుకోవాలి, చదివింది నలుగురికీ చెప్పాలి.